అండమాన్‌లో కంటి లెక్కలు: ఆపరేషన్ తర్వాత చూపు ఎంత?

ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా భారత్ నిర్మూలించిందని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. చిన్నప్పుడు పదేపదే సోకే ఈ అంటువ్యాధి కనురెప్ప లోపలి వైపు మచ్చలు కట్టిస్తుంది. కొన్నేళ్లకు రెప్ప లోపలికి ముడుచుకుంటుంది. వెంట్రుకలు నల్లగుడ్డును గీసుకుంటూ చివరికి పువ్వు వేయించి చూపు పోగొడతాయి. ఒకప్పుడు దేశాన్ని పట్టి పీడించిన ఈ జబ్బుపై గెలుపు చిన్నది కాదు.

ఈ గెలుపు కథలో నికోబార్ దీవుల అధ్యాయం గురించి మాట్లాడుకున్నది తక్కువ. దేశంలో చాలాచోట్ల ట్రకోమా వెనకబట్టిన తర్వాత, 2010లో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన రాజేంద్ర ప్రసాద్ నేత్ర విజ్ఞాన కేంద్రం వైద్యులు కార్ నికోబార్‌లో పిల్లల కళ్లు పరీక్షించారు. దాదాపు సగం మందిలో జబ్బు చురుగ్గా ఉన్నట్టు తేలింది. ఆ తర్వాత వరుసగా కొన్నేళ్లు దీవిలోని వారందరికీ అజిత్రోమైసిన్ మందు ఇచ్చారు. 2013లో మళ్లీ కొలిచి చూస్తే జబ్బు బాగా తగ్గింది. దేశంలో క్రియాశీల ట్రకోమా లేదని 2017 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించగలిగింది.

ఇక్కడ మందు ఎంత పని చేసిందో కొలత కూడా అంతే పని చేసింది. వెళ్లి కొలిచారు కాబట్టే జబ్బు ఉందని తెలిసింది. మళ్లీ కొలిచారు కాబట్టే తగ్గిందని తెలిసింది. ఇదే పద్ధతి కంటి శుక్లాల విషయంలో పాటిస్తున్నామా అని అడిగితే జవాబు అంత సూటిగా రాదు. శుక్లాల కార్యక్రమంలో మన వ్యవస్థ ప్రధానంగా లెక్కపెట్టేది ఆపరేషన్లను. ఆపరేషన్ తర్వాత మనిషికి ఎంత చూపు వచ్చిందన్నది ఆ లెక్కలో చివరి గడి. చాలాసార్లు అది ఖాళీగానే ఉంటుంది.

కొలబద్ద మారితే అంకె మారుతుంది

భారత్‌లో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976లో మొదలైంది. చాలా ఏళ్లు మన దగ్గర అంధత్వానికి గీత 6/60. అంటే మామూలు చూపున్న మనిషి 60 మీటర్ల నుంచి గుర్తుపట్టగల అక్షరాన్ని 6 మీటర్ల దూరం నుంచి కూడా చూడలేకపోతే అంధుడిగా లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత 3/60. మనం 2017లో ఆ గీతకు మారాం.

2006-07 సర్వే ప్రకారం దేశంలో అంధత్వం 1 శాతం. 2015-19 జాతీయ సర్వే ప్రకారం 0.36 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి మూడింట రెండొంతులు తగ్గిందని చెప్పడం తేలిక. కానీ మొదటి అంకె పాత గీతతో వచ్చింది, రెండోది కొత్త గీతతో వచ్చింది. రెండింటినీ ఒకే గీతతో కొలిస్తే దాదాపు సగానికి తగ్గింది. ఇదీ మంచి ఫలితమే. దాన్ని ఇంకా పెద్దది చేసి చూపాల్సిన అవసరం లేదు.

ఆ సర్వేలో మరో పాఠం ఉంది. 31 జిల్లాల్లో, జిల్లాకు సుమారు 3 వేల చొప్పున 50 ఏళ్లు దాటిన వారిని ఎంచుకున్నారు. ఈ వయసు వారిలో దేశ సగటు అంధత్వం 1.99 శాతం. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్‌లో మాత్రం అది 3.67 శాతం, మన వరంగల్‌లో 3.47 శాతం. పెద్ద ఆస్పత్రులున్న హైదరాబాద్‌కు కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉన్న జిల్లా పరిస్థితే దేశ సగటులో కనపడకపోతే, సముద్రం అవతల ఉన్న దీవుల పరిస్థితి కనపడుతుందని అనుకోలేం.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ మొత్తం జనాభా 3.8 లక్షలు. నికోబార్ జిల్లాలో 37 వేల లోపే. ఒక జిల్లా సర్వేకు ఎంచుకునే 3 వేల మంది పెద్దవాళ్లంటే, నికోబార్‌లో ఆ వయసు వారిలో చాలా పెద్ద భాగం. ఇంత చిన్న చోట నమూనా సర్వే కోసం చూడనక్కర్లేదు. దీవుల వారీగా, ఊరి వారీగా 50 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి పేరూ, రెండు కళ్ల చూపూ ఒక రిజిస్టర్‌లో రాసుకోవచ్చు. కోట్ల జనాభా ఉన్న రాష్ట్రాలకు సాధ్యంకాని పని ఇక్కడ సాధ్యం.

ఆపరేషన్ అయింది, చూపు రాలేదు

50 ఏళ్లు దాటిన వారిలో అంధత్వానికి మొదటి కారణం ఆపరేషన్ చేయించుకోని శుక్లం అని 2015-19 సర్వే తేల్చింది. దాని వాటా 66.2 శాతం. రెండోది నల్లగుడ్డు మీద పువ్వు, 8.2 శాతం. మూడో కారణం దగ్గరే ఆగి ఆలోచించాలి. శుక్లం ఆపరేషన్‌లో వచ్చిన సమస్యల వల్ల 7.2 శాతం. నీటికాసుల వాటా 5.5 శాతం కంటే ఇది ఎక్కువ. అంటే దేశంలో చూపు కోల్పోయిన పెద్దవాళ్లలో ప్రతి 14 మందిలో ఒకరు ఆపరేషన్ గది దాకా వెళ్లి వచ్చినవారే. కార్యక్రమం పద్దులో మాత్రం వాళ్లు ‘పూర్తయిన కేసులు’.

తెలుగు నేలకు ఇది కొత్త విషయం కాదు. 1996-2000 మధ్య హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఓ పెద్ద అధ్యయనం చేసింది. హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మంది కళ్లు పరీక్షించారు. శుక్లం తీసేసి లెన్స్ అమర్చకుండా పంపే పద్ధతి అప్పటికి పూర్తిగా పోలేదు. అలాంటివారికి సోడాబుడ్డి కళ్లద్దాలే చూపు. అవి పగిలినా, పోయినా మనిషి మళ్లీ అంధుడే. ఆపరేషన్ జరిగినా చూపులేని కళ్లు ఉన్నాయని ఇల్లిల్లూ తిరిగి చూసినందువల్లే బయటపడింది. ఆస్పత్రి రికార్డుల్లో అది ఎప్పటికీ కనపడేది కాదు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సభ 2021లో కొలబద్దనే మార్చింది. కొత్త కొలతను ‘ఫలవంతమైన శుక్ల శస్త్రచికిత్స వ్యాప్తి’ అనవచ్చు. ఒక ఊళ్లో శుక్లం ఆపరేషన్ అవసరమైనవారు, అప్పటికే చేయించుకున్నవారు కలిపి 100 మంది ఉన్నారనుకుందాం. 60 మందికి ఆపరేషన్ అయింది. పాత లెక్కలో వ్యాప్తి 60 శాతం. ఆ 60 మందిలో 40 మందికే మంచి చూపు వస్తే కొత్త లెక్కలో అది 40 శాతమే. మంచి చూపు అంటే 6/12 లేదా అంతకంటే మెరుగు. 2030 నాటికి ఈ కొలతను 30 శాతం పాయింట్లు పెంచాలన్నది సభ్యదేశాలు ఒప్పుకున్న లక్ష్యం. ఆపరేషన్ల సంఖ్య పెంచినంత మాత్రాన ఇది చేరుకోలేం. తేడా ఉన్న ఆ 20 మంది సంగతి కూడా తేల్చాలి.

ముందే తెలుసుకోగలమా?

ఆపరేషన్ తర్వాత చూపు తగ్గడానికి మూడు రకాల కారణాలు ఉంటాయి. మూడింటినీ కొంతవరకు ముందే అంచనా కట్టవచ్చు.

మొదటిది లెన్స్ పవర్. శుక్లం తీశాక లోపల పెట్టే కృత్రిమ లెన్స్ ప్రతి కంటికీ ఒకటే పవర్‌ది ఉండదు. కంటి పొడవు, నల్లగుడ్డు వంపు కొలిచి సూత్రంలో వేసి లెక్కకట్టాలి. మామూలు కన్ను పొడవు 23, 24 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పితే ఆపరేషన్ తర్వాత కళ్లద్దాల పవర్ సుమారు రెండున్నర, మూడు డయాప్టర్లు తేడా వస్తుంది. మూడు డయాప్టర్ల తేడాతో కళ్లద్దాలు లేకుండా తిరిగే మనిషికి దూరంగా ఉన్న మొహాలు మసకే. సర్జన్ చెయ్యి ఎంత మంచిదైనా ఫలితం అంతే.

కాంతితో కొలిచే ఆధునిక యంత్రాలు ఈ పొడవును చాలా కచ్చితంగా చెబుతాయి. కానీ శుక్లం బాగా ముదిరితే కాంతి దాన్ని దాటలేదు. అప్పుడు అల్ట్రాసౌండ్‌తో కొలవాలి. ఆ పరికరం మొన కంటిని కాస్త నొక్కినా పొడవు తక్కువగా వస్తుంది. ఆలస్యంగా ఆస్పత్రికి చేరేది ఎక్కువగా మారుమూల వారే కాబట్టి, కొలవడం కష్టమైన కళ్లు కూడా వాళ్లవే. కొలత మరింత జాగ్రత్తగా జరగాల్సిన చోట పరికరాలు, శిక్షణ పొందిన మనుషులు తక్కువ ఉండటం దీవుల్లోనే కాదు, మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఉన్న చిక్కే.

రెండోది ఆపరేషన్ సమయంలో వచ్చే ముప్పు. లెన్స్‌ను పట్టి ఉంచే పలుచని సంచి చిరగడం వీటిలో ముఖ్యమైనది. వయసు ఎక్కువైనా, కనుపాప సరిగా విచ్చుకోకపోయినా, శుక్లం గట్టిపడి గోధుమ రంగుకు తిరిగినా, లెన్స్‌ను పట్టుకున్న సన్నని నారలు బలహీనపడినా ఈ ముప్పు పెరుగుతుంది. బ్రిటన్‌లో 55,567 ఆపరేషన్ల రికార్డులు పరిశీలించి, ఒక్కో లక్షణం ముప్పును ఎంత పెంచుతుందో లెక్కగట్టారు. ఇప్పుడు అక్కడి సర్జన్ ఆపరేషన్‌కు ముందే ఈ రోగికి ముప్పు ఎంతని అంకెల్లో చెప్పగలడు. ముప్పు ఎక్కువైతే అనుభవమున్న సర్జన్‌కు అప్పగిస్తారు.

మూడోది శుక్లం వెనక దాగిన జబ్బు. మధుమేహంతో రెటీనా దెబ్బతిన్నా, నీటికాసులతో నరం ఎండిపోయినా, శుక్లం తీసినంత మాత్రాన చూపు తిరిగి రాదు. పరీక్షల్లో ఇది ముందే తేలితే రోగికి ఉన్నమాట చెప్పవచ్చు. చెప్పకుండా ఆపరేషన్ చేసి చూపు రాకపోతే ఆ ఇంట్లోనే కాదు, ఆ ఊళ్లోనూ నమ్మకం పోతుంది. తర్వాతి శిబిరానికి రావాల్సినవాళ్లు రారు.

సముద్రం మధ్య ఉన్న తేడా

పెద్ద నగరంలో అంచనా తప్పితే రోగి మర్నాడు మళ్లీ ఆస్పత్రికి వస్తాడు. అండమాన్ నికోబార్‌లో అది అంత తేలిక కాదు. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆస్పత్రి దీవులన్నిటికీ పెద్ద దిక్కు. గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బే అక్కడికి సముద్రం మీద 500 కిలోమీటర్లకు పైగా దూరం. దీవి దీవికీ ఆగుతూ వచ్చే ఓడ రోజులు తీసుకుంటుంది. వర్షాకాలంలో సముద్రం పోటు మీదుంటే ప్రయాణం ఇంకా కష్టం. ఇక మెయిన్‌ల్యాండ్‌కు రావాలంటే విశాఖ, చెన్నై, కోల్‌కతా ఏదైనా వెయ్యి కిలోమీటర్లు దాటిన ప్రయాణమే.

ఆపరేషన్ తర్వాత కంటి లోపల చీము పట్టడం వేలమందిలో ఒకరికి వచ్చే అరుదైన సమస్య. వచ్చిందంటే గంటల్లో మందు కంట్లోకి వెళ్లాలి. కొందరికి నెలలో ఏళ్లో గడిచాక లెన్స్ వెనక పొర మసకబారుతుంది. నిమిషాల్లో అయ్యే లేజర్‌తో అది పోతుంది, కానీ లేజర్ ఉన్న చోటికి చేరాలి. ట్రకోమా వల్ల లోపలికి తిరిగిన రెప్పలకు చేసే సర్జరీ తర్వాత కూడా కొందరికి వెంట్రుకలు మళ్లీ లోపలికి తిరుగుతాయి. వీటిలో ఏదీ ఆపరేషన్ రోజున పద్దులో రాసే ‘పూర్తయింది’ అన్న మాటలో కనపడదు.

కాబట్టి దీవుల్లో ముందస్తు అంచనా అంటే టెక్నాలజీ ముచ్చట కాదు. ఎవరికి దగ్గరి దీవి శిబిరంలోనే ఆపరేషన్ చేయవచ్చు, ఎవరిని పెద్ద ఆస్పత్రికి పంపాలి, ఎవరిని వారం పాటు అక్కడే ఉంచాలి అన్న నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది. ఒక్క కన్నే పనిచేస్తున్న మనిషి విషయంలో ఆ నిర్ణయం తప్పితే సరిదిద్దుకునే అవకాశం మరి ఉండదు.

ఇది తెలుగువారికి దూరపు సంగతి కూడా కాదు. 2011 లెక్కల ప్రకారం దీవుల జనాభాలో 13 శాతానికి పైగా, దాదాపు 50 వేల మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వీటిలో చాలా ఉన్నాయి. ఎండలో, ఉప్పుగాలిలో, నీటి మీద మెరిసే వెలుతురులో జీవితమంతా గడిపేవారి కళ్ల మీద ఆ భారం పడుతుంది. కంట్లో కండ పెరగడం, శుక్లం త్వరగా రావడం రెండింటికీ సూర్యుడి అతినీలలోహిత కిరణాలతో సంబంధం ఉందన్నది వైద్యులకు తెలిసిన విషయమే.

రాసుకున్నవాడికే అంచనా

జోస్యం చెప్పే యంత్రం కొనుక్కుంటే సరిపోతుందనుకుంటే పొరపాటు. లెన్స్ పవర్ సూత్రాల చరిత్రే ఇందుకు ఉదాహరణ. శాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్ అనే ముగ్గురు వైద్యుల పేర్ల మొదటి అక్షరాలతో ఎస్ఆర్‌కే అనే సూత్రం వచ్చింది. అప్పటికే ఆపరేషన్ అయిన కళ్ల ఫలితాలు పోగేసి దాన్ని కట్టారు. తర్వాత వచ్చిన బారెట్, కేన్ వంటి సూత్రాలు ఇంకా సూక్ష్మమైనవి. కొన్నింటిలో కృత్రిమ మేధ కూడా ఉంది. కానీ అన్నింటికీ ముడిసరుకు ఒకటే: ఆపరేషన్‌కు ముందు కొలతలు, తర్వాత వచ్చిన చూపు. ఏ సర్జన్ అయినా తన పాత కేసుల ఫలితాలతో సూత్రంలోని స్థిరాంకాన్ని తనకు తగ్గట్టు సవరించుకుంటేనే లెక్క బాగా కుదురుతుంది. బ్రిటన్‌లో 85 శాతం కేసుల్లో అంచనాకూ ఫలితానికీ తేడా ఒక డయాప్టర్ లోపు ఉండాలన్న ప్రమాణం పెట్టుకోగలిగింది కూడా ఇలా రాసుకోవడం వల్లే. స్వీడన్ 1992 నుంచి జాతీయ శుక్ల రిజిస్టర్ నడుపుతోంది.

ఈ దారిలో హైదరాబాద్ వెనకబడి లేదు. ఎల్.వి. ప్రసాద్ సంస్థ చాలా ఏళ్లుగా రోగుల వివరాలను ఎలక్ట్రానిక్ రికార్డుల్లో భద్రపరుస్తోంది. 2016 డిసెంబరులో మైక్రోసాఫ్ట్‌తో, అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా సంస్థలతో కలిసి కంటి వైద్యానికి ఒక కృత్రిమ మేధ వేదికను ప్రకటించింది. పిల్లల్లో దగ్గరి చూపు దోషం ఎంత వేగంగా పెరుగుతుందో, కళ్లద్దాలు తీసేసే సర్జరీ ఫలితం ఎలా ఉంటుందో ముందే చెప్పడం దాని ఉద్దేశాల్లో ఉన్నాయి. పునాది మాత్రం ఏళ్ల తరబడి రాసిపెట్టిన రికార్డులే.

రోగి తిరిగి రాకపోతే ఫలితం ఎలా తెలుస్తుందన్నది దీవుల్లో సహజంగా వచ్చే ప్రశ్న. దీనికి 2013లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఒక దారి చూపింది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని 10 దేశాల్లో 40 ఆస్పత్రుల శుక్ల రోగులను పరిశీలించారు. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల్లో, డిశ్చార్జికి ముందు కొలిచిన చూపును బట్టి ఆ ఆస్పత్రి పనితీరు ఎలా ఉందో నమ్మకంగా అంచనా వేయవచ్చని తేలింది. ఆరు వారాల తర్వాత ఎవరు వచ్చారు, ఎవరు రాలేదన్న దాని కోసం ఆగనక్కర్లేదు. దీనికి కావలసింది అక్షరాల బోర్డు, 6 మీటర్ల స్థలం, రాసే మనిషి.

అంకెలు దారి తప్పకుండా

ఫలితాలు కొలవడం మొదలుపెట్టగానే ఒక ప్రమాదమూ వస్తుంది. మంచి ఫలితాల శాతం చూసి ఆస్పత్రికి మార్కులు వేస్తే, కష్టమైన కేసులను వద్దనే ధోరణి పెరుగుతుంది. శుక్లం ముదిరిన ముసలమ్మను, మధుమేహమున్న జాలరిని పక్కనపెట్టి తేలిక కేసులు చేసుకుంటే శాతం బాగానే ఉంటుంది, ఊళ్లో అంధత్వం అలాగే ఉంటుంది. బ్రిటన్ పద్ధతిలో ముప్పును లెక్కలోకి తీసుకుని ఫలితాన్ని సరిచూడటం ఇందుకే అవసరం. అంచనాను రోగిని తిప్పి పంపడానికి వాడకూడదు. సరైన చోటికి పంపడానికి వాడాలి.

మరో జాగ్రత్త కూడా కావాలి. హైదరాబాద్‌లోనో లండన్‌లోనో కట్టిన నమూనా నికోబారీల కళ్లకు యథాతథంగా సరిపోతుందని ముందే అనుకోలేం. అక్కడి ఫలితాలతో సరిచూసుకోవాలి. గిరిజన సమూహాల ఆరోగ్య వివరాలు సేకరించేటప్పుడు వాటిని ఎవరు దాచుతారు, ఎవరు వాడతారు, ప్రజలకు ఏం తిరిగి దక్కుతుంది అన్నది ముందే తేల్చాలి.

ఈ పనికి కొత్త పథకం అవసరం లేదు. నెలవారీ నివేదికలో ఆపరేషన్ల సంఖ్య పక్కన డిశ్చార్జి రోజు చూపు, ఆరు వారాల చూపు అనే రెండు గళ్లు తప్పనిసరి చేయవచ్చు. దీవుల్లో 50 ఏళ్లు దాటిన అందరి కంటి రిజిస్టర్ మొదలుపెట్టవచ్చు. ఆపరేషన్‌కు ముందు కంటి పొడవు, నల్లగుడ్డు వంపు, రెటీనా, మధుమేహం వివరాలు ఒకే కాగితం మీద ఉండేలా చూడవచ్చు. ముప్పు ఎక్కువ ఉన్నవారికి ప్రయాణ ఖర్చు, తోడు వచ్చే మనిషికి బస కార్యక్రమం నిధుల నుంచే ఇవ్వవచ్చు. 2015లో మొదలైన అండమాన్ నికోబార్ వైద్య విజ్ఞాన సంస్థ విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు దొరకడం కష్టం.

కార్ నికోబార్‌లో ట్రకోమా తగ్గిందని చెప్పగలుగుతున్నామంటే, మందు పంచిన తర్వాత ఎవరో మళ్లీ ఓడెక్కి వెళ్లి పిల్లల రెప్పలు తిప్పి చూశారు కాబట్టి. 2030 లక్ష్యం ముందు మిగిలిన ఏళ్లు ఎక్కువ లేవు. శుక్లం ఆపరేషన్ చేయించుకుని అదే ఓడలో ఇంటికి తిరిగెళ్లిన పెద్దవాళ్లకు ఇప్పుడు ఎంత కనిపిస్తోందన్నదీ అలాగే వెళ్లి చూడాల్సిన విషయం.